3 నెలలు జిమ్‌కి వెళ్లినా ఒక్క కిలోనే తగ్గాను, మానేయమంటారా?

మీ ప్రశ్న రెండు మూడు సార్లు చదివానండి. నాకు అర్థమైంది ఇదీ. వయసు 34, ఎత్తు 5 అడుగుల 3 అంగుళాలు, 3 నెలల నుంచి వారానికి 4 రోజులు జిమ్‌కి వెళ్తున్నారు, వెయిట్స్ కూడా ఎత్తుతున్నారు, రాత్రి అన్నం తగ్గించారు. మొదట్లో 68.4 కిలోలు, ఇప్పుడు 67.3. నెలకి 2 వేలు ఫీజు కాబట్టి మీ ఆయన "కిలోకి 6 వేలు పడింది, పులస రేటు పలికింది" అని ఏడిపిస్తున్నారు, మీకు ఏడుపొస్తోంది. చివర్లో ఏదో మర్యాదకి రాసినట్టు ఇంకో లైను కూడా రాశారు, "జాకెట్లు వదులైతే టైలర్ దగ్గర బిగింపించుకున్నా, నడుము 92 సెంటీమీటర్ల నుంచి 85కి వచ్చింది, కానీ బరువే తగ్గట్లేదు" అని.

అసలు వార్త ఆ చివరి లైనేనండి, మీరు దాన్ని అడుగున పడేశారు.

మానకండి. మీకు కొవ్వు కరుగుతోంది, కండ కొంచెం వస్తోంది, అందుకే ముల్లు కదలట్లేదు. 3 నెలల్లో నడుము 7 సెంటీమీటర్లు తగ్గడమంటే నా దగ్గరికొచ్చేవాళ్లలో మంచి రిజల్ట్ కింద లెక్క. మీ ఆయనకి ఆ టేపు చూపించండి, మెషీన్ కాదు.

నేను విజయవాడలో 16 ఏళ్లుగా ట్రైనర్‌ని, చిన్న జిమ్ ఉంది, అంతకుముందు పవర్‌లిఫ్టింగ్ చేసేవాణ్ణి. డాక్టర్ని మాత్రం కాదు. కాబట్టి మందులు, రిపోర్టుల సంగతి నన్ను నమ్ముకోకండి, ఒళ్లు ఎలా మారుతుందో మాత్రం రోజూ పొద్దున 5 నుంచి రాత్రి 9 దాకా చూస్తూనే ఉంటా.

ఇప్పుడు ఎందుకలా అనేది. మెషీన్ మీద నిలబడితే అది మిమ్మల్ని మొత్తంగా తూస్తుంది, ఎముకలు, కండ, కొవ్వు, నీళ్లు, పొద్దున తిన్న ఇడ్లీ, ఇంకా బయటికి పోని రాత్రి భోజనం, అన్నీ కలిపి ఒక్క అంకె. అందులో సగానికి సగం నీళ్లే. చిన్నప్పుడు రైల్వే స్టేషన్లలో రంగు లైట్లు తిరిగే పెద్ద తూకం మెషీన్లు ఉండేవి గుర్తుందా, రూపాయి వేస్తే అట్టముక్క టికెట్ వచ్చేది, ఒకవైపు బరువు ఇంకోవైపు జోస్యం. బరువు చూసి ఆరోగ్యం చెప్పడం కూడా నా దృష్టిలో ఆ టికెట్ వెనకవైపు చదవడమే.

కొవ్వుకీ కండకీ తేడా ఏంటో వంటింట్లోనే కనిపిస్తుంది. మటన్ కడిగేటప్పుడు గమనించండి, గిన్నెలో నీళ్లు పోస్తే కండ ముక్క అడుక్కి పోతుంది, తెల్లటి కొవ్వు ముక్క పైకి తేలుతుంది. ఒక లీటరు చోటులో కొవ్వు అయితే దాదాపు 900 గ్రాములు పడుతుంది, కండ అయితే 1060 దాకా పడుతుంది. అంటే అదే బరువుకి కండ తక్కువ చోటు తీసుకుంటుంది. కాకపోతే వాట్సాప్‌లో ఒక ఫొటో తిరుగుతుంటుంది, కిలో కొవ్వు అంటే పెద్ద పుచ్చకాయంత, కిలో కండ అంటే నిమ్మకాయంత, అలా ఏమీ ఉండదండి, తేడా 15 శాతం చుట్టుపక్కలే. "కండ కొవ్వు కన్నా బరువు" అనేవాళ్లూ ఉంటారు, కిలో దూది కిలో ఇనుము కథే అది. మీ జాకెట్ వదులవ్వడానికి అసలు కారణం ఆ 15 శాతం కాదు, కొవ్వు పోయిన చోటు నడుము దగ్గర, కండ వచ్చిన చోటు తొడలు, వీపు, భుజాలు. ఎక్కడ పోయింది, ఎక్కడ వచ్చింది అనేది మెషీన్ చెప్పదు.

మీ లెక్క నా అంచనాలో ఇలా ఉంటుంది: రెండు మూడు కిలోల కొవ్వు పోయింది, కిలో, కిలోన్నర దాకా కండ, నీళ్లు వచ్చాయి. నీళ్లు ఎందుకంటే కొత్తగా వెయిట్స్ మొదలుపెట్టినవాళ్లకి కండరం తన ఇంధనాన్ని, అదే గ్లైకోజెన్‌ని, ఎక్కువ దాచుకోవడం మొదలెడుతుంది. ఒక గ్రాము గ్లైకోజెన్‌తో పాటు మూడు గ్రాముల దాకా నీళ్లు వచ్చి చేరతాయి. ఒళ్లు నొప్పులప్పుడు ఉండే వాపు కూడా నీళ్లే. 3 నెలల్లో 5 కిలోల కండ పెంచుతాం అని ఎవరైనా అంటే మాత్రం పౌడర్ డబ్బా అమ్ముతున్నారని అర్థం.

దీన్నే తిరగేస్తే లిక్విడ్ డైట్ల మాయ అర్థమవుతుంది. అన్నం, రొట్టె పూర్తిగా మానేసిన మొదటి వారంలో 3, 4 కిలోలు తగ్గుతారు, ఊరంతా చెప్తారు. అది చాలావరకు ఆ గ్లైకోజెన్, దాన్ని పట్టుకున్న నీళ్లే. కిలో కొవ్వు కరగాలంటే 7700 కేలరీలు లోటు పడాలి, వారంలో 4 కిలోల కొవ్వంటే రోజుకి 4400 కేలరీలు, మీరు తినేదే 2000 కూడా ఉండదు, ఇంక ఎక్కణ్ణుంచి వస్తుంది? ఇదే లెక్క బిర్యానీకీ పనికొస్తుంది. శనివారం రాత్రి బిర్యానీ తిని ఆదివారం పొద్దున కిలోన్నర పెరిగామని భోరుమనేవాళ్లు నా దగ్గర ప్రతి వారం ఇద్దరైనా ఉంటారు, కిలోన్నర కొవ్వు రావాలంటే మామూలు తిండి పైన ఇంకో 11 వేల కేలరీలు తినాలండి, మనిషన్నవాడు తినలేడు. ఉప్పు, నీళ్లు, అరగని తిండి అంతే, మంగళవారానికి దిగిపోతుంది. ఆడవాళ్లకి పీరియడ్స్ ముందు వారం కిలో, రెండు కిలోలు పెరగడం మామూలే. మీరు 68.4 చూసింది నెలలో ఏ రోజున, 67.3 చూసింది ఏ రోజున? అది తెలియకుండా ఆ 1.1 కిలోకి అర్థమే లేదు.

నీళ్లతో తూకాన్ని ఎలా ఆడించొచ్చో నా ఒంటి మీదే చూశా. పవర్‌లిఫ్టింగ్ రోజుల్లో ఒక పోటీలో 75 కిలోల క్లాసులో దిగాలని పట్టు పట్టాను, అప్పటికి నేను 78. చివరి రెండు రోజులు మంచినీళ్లు మానేసి, ఎండలో స్వెట్టర్ వేసుకుని పరిగెత్తి, ఉమ్ము కూడా ఊస్తూ 74.8కి దిగా. తూకం అయ్యాక రెండు గంటల్లో పోటీ. అప్పటిదాకా ప్రాక్టీసులో 190 కిలోల స్క్వాట్ (బార్ భుజాల మీద పెట్టుకుని కూర్చుని లేవడం) లేపినవాణ్ణి, మొదటి ప్రయత్నం 175 పెట్టుకుంటే కిందకి కూర్చున్నా గానీ పైకి లేవలేదు, కాళ్లు వణికి, పక్కన సాయానికి నిలబడే స్పాటర్లు బార్ అందుకున్నారు. మర్నాడు పొద్దున్నే మళ్లీ 77. ఆ 74.8 నా జీవితంలో కాగితం మీద బెస్టు అంకె, ఒంట్లో మాత్రం అంత నీరసం ఎప్పుడూ లేదు. 2024 పారిస్ ఒలింపిక్స్‌లో రెజ్లర్ వినేశ్ ఫోగట్ సంగతి అందరం చూశాం కదా, 50 కిలోల విభాగంలో ఫైనల్ రోజు పొద్దున 100 గ్రాములు ఎక్కువ ఉందని పోటీ నుంచే తీసేశారు. ముందురోజు అదే మనిషి అదే బలంతో మూడు బౌట్లు గెలిచింది. 100 గ్రాములంటే ముప్పావు గ్లాసు మజ్జిగ కూడా కాదు.

ఇంకో సంగతి, మన కరణం మల్లీశ్వరి. శ్రీకాకుళం అమ్మాయి, 2000 సిడ్నీ ఒలింపిక్స్‌లో వెయిట్‌లిఫ్టింగ్‌లో కాంస్యం, ఒలింపిక్ పతకం తెచ్చిన మొదటి భారతీయ మహిళ. దిగింది 69 కిలోల విభాగంలో, ఎత్తింది స్నాచ్, క్లీన్ అండ్ జెర్క్ రెండూ కలిపి 240 కిలోలు. మీరేమో 67 కిలోలకి సిగ్గుపడుతున్నారు. పెళ్లికి వెళ్తే మన అత్తయ్యలు ఆవిడకి కూడా "కొంచెం తగ్గాలమ్మా" అనేవాళ్లే.

ఇక బీఎంఐ, అంటే ఎత్తుకి బరువు సరిపోయిందా అని చూసే లెక్క. మీది లెక్కేస్తే 26.3 వస్తుంది, మన దేశం లెక్కలో 23 దాటితే అధిక బరువు, 25 దాటితే ఊబకాయం, కాబట్టి కాగితం మీద మీరు ఊబకాయమే. 1830ల్లో కెట్లే అనే బెల్జియం గణిత శాస్త్రవేత్త జనాభా సగటు మనిషి ఎలా ఉంటాడో చూడ్డానికి కట్టిన లెక్క అది, ఒక్కొక్కరికీ జబ్బు చెప్పడానికి కట్టింది కాదు, బీఎంఐ అనే పేరు కూడా 1972లో వచ్చింది. ఊరు మొత్తానికి పనికొస్తుంది, మీ ఒక్కరికి అరకొరగా పనికొస్తుంది. 2025 జనవరిలో లాన్సెట్ అనే వైద్య పత్రిక వేసిన నిపుణుల కమిషన్ కూడా ఊబకాయాన్ని బీఎంఐ ఒక్కదానితో తేల్చొద్దు, నడుము కొలత లాంటిది ఇంకోటి తోడు పెట్టుకోండి అనే చెప్పింది.

బీఎంఐ తక్కువుంటే సేఫ్ అనుకోవడం మన వాళ్లకి ఇంకా పెద్ద ప్రమాదం. 2004లో పుణె డాక్టర్ యాజ్ఞిక్, లండన్ డాక్టర్ యుడ్కిన్ ఇద్దరూ పక్కపక్కన ఫొటో దిగి లాన్సెట్‌లోనే వేశారు. ఇద్దరి బీఎంఐ ఒకటే, 22.3. ఒంట్లో కొవ్వు మాత్రం ఇంగ్లండ్ ఆయనకి 9.1 శాతం, మన ఆయనకి 21.2 శాతం. చూడ్డానికి ఇద్దరూ సన్నగానే ఉంటారు. నా దగ్గర అచ్చం ఇదే బాపతు ఒకాయన ఉన్నారు, బ్యాంకు ఉద్యోగం, 54 ఏళ్లు, 58 కిలోలు. చేతులు అగ్గిపుల్లలు, చొక్కా టక్ చేస్తే మాత్రం ముందు చిన్న కుండ. పరగడుపు షుగర్ 138 వచ్చిందని రిపోర్టు పట్టుకుని "సన్నగా ఉన్నవాణ్ణి, నాకు షుగరేంటండీ" అని మా జిమ్ మెట్ల మీద కూర్చుని అడిగారు. నడుము కొలిస్తే 94. మగవాళ్లకి 90 దాటకూడదు, ఆడవాళ్లకి 80 దాటకూడదు, ఇది మన దక్షిణాసియా వాళ్ల హద్దు. ఆయనకి బరువు తగ్గమని చెప్తే ఇంకా పాడైపోయేవారు. 8 నెలలు వెయిట్స్ చేయించి, రెండు పూటలా తిండిలో గుడ్డో పప్పో పెరుగో పెంచాం. ఇప్పుడు 59.5 కిలోలు, అంటే పెరిగారు, నడుము 87. మూడు నెలల సగటు షుగర్ (HbA1c) 7.6 నుంచి 6.7కి వచ్చింది, డాక్టర్ మందు మానిపించలేదు, అలాగే వాడుతున్నారు. బెల్టుకి ఇంట్లో మేకుతో రెండు కొత్త చిల్లులు పెట్టుకుని నాకు చూపించారు, ఏ తూకం స్లిప్పూ అంత బాగా చెప్పలేదు.

దీనికి తిరగేసిన కేసు మా వీధిలోనే ఒకావిడ. రెండున్నర నెలలు జ్యూసులు, సూపుల మీద ఉండి 11 కిలోలు తగ్గారు, అందరూ ఆహా ఓహో. అప్పటిదాకా చంకనెత్తిన బిందె ఎత్తలేకపోయారు, జుట్టు కుచ్చులు కుచ్చులుగా ఊడింది. తిండిలో ప్రొటీన్ లేకుండా, బరువులెత్తకుండా తగ్గితే కొవ్వుతో పాటు కండా పోతుంది. తర్వాత అన్నం మొదలుపెట్టగానే 9 కిలోలు వెనక్కొచ్చాయి, వచ్చింది మాత్రం కండ కాదు. ఏడాది ముందుకీ ఇప్పటికీ ఆవిడ బరువు దాదాపు అంతే, మనిషి మాత్రం వేరు.

మీరు అడిగిన ఇంకో ప్రశ్న, జిమ్‌లో ఆ కాళ్లు చేతులు పట్టుకునే మెషీన్ స్లిప్‌లో ఫ్యాట్ 36 శాతం అని వచ్చింది, నమ్మొచ్చా అని. ట్రెండ్ నమ్మండి, అంకె నమ్మకండి. అది ఒంట్లోకి చిన్న కరెంటు పంపి ఎంత అడ్డు తగిలిందో చూస్తుంది, నీళ్లున్న కండలో కరెంటు సులువుగా పోతుంది, కొవ్వులో పోదు, మిగతాది ఫార్ములా. మా జిమ్‌లో ఆ మెషీన్ కొన్న కొత్తలో నేనే ఎక్కా, 76 కిలోలు, 19.4 శాతం. దిగి లీటరు మంచినీళ్లు తాగి అయిదు నిమిషాల్లో మళ్లీ ఎక్కితే 77 కిలోలు, 20.4 శాతం. కడుపులో ఉన్న నీళ్లని అది నేరుగా కొవ్వు ఖాతాలో రాసేసింది! అందుకని ఎక్కితే ఎప్పుడూ ఒకే మెషీన్, పొద్దున్నే, పరగడుపున, బాత్రూంకి వెళ్లొచ్చాక, వ్యాయామానికి ముందు. ఎక్స్-రేతో ఒంట్లో కొవ్వు, కండ కొలిచే డెక్సా స్కాన్ అయితే ఇంతకన్నా చాలా నయం, కానీ మీ అవసరానికి అంత ఖర్చు దండగ.

నేను నోట్‌బుక్‌లో రాసేవి ఇవి:

నడుము, రెండు వారాలకోసారి. చివరి పక్కటెముకకీ తుంటి ఎముక పై అంచుకీ మధ్యలో, మామూలుగా ఊపిరి వదిలాక, టేపు ఒంటికి ఆనాలి గానీ నొక్కకూడదు. పొట్ట లోపలికి పీల్చి కొలుచుకుంటే మిమ్మల్ని మీరే మోసం చేసుకున్నట్టు. ఎత్తులో సగం కన్నా నడుము తక్కువుండాలి అనేది ఇంకో సులువైన లెక్క, మీ ఎత్తు 160, సగం 80. ఆడవాళ్ల హద్దూ 80, మీకు రెండూ ఒకే చోట కలిశాయి కాబట్టి గుర్తు పెట్టుకోవడం తేలిక. అంటే ఇంకా 5 సెంటీమీటర్లు ఉంది, పని అయిపోలేదు.

తర్వాత బలం. పీట మీద నుంచి చెయ్యి ఆనించకుండా లేవగలుగుతున్నారా, 25 కిలోల బియ్యం బస్తా గుమ్మం నుంచి వంటింటికి తేగలుగుతున్నారా, మూడో అంతస్తు ఎక్కాక ఫోన్‌లో మాట్లాడగలుగుతున్నారా. జిమ్‌లో మొదటి వారం ఎంత ఎత్తారు, ఇప్పుడు ఎంత ఎత్తుతున్నారు, ఇది మీరు రాయలేదు, రాయండి. మా దగ్గర 84 కిలోలాయన ఒకరు పోయినేడాది అలిపిరి నుంచి 3550 మెట్లు ఎక్కడానికి బయల్దేరి గాలిగోపురం చేరేలోపే ఎనిమిదిసార్లు కూలబడ్డారు, మోకాళ్ల పర్వతం దగ్గర వాళ్లబ్బాయి చెయ్యి పట్టుకుని ఎక్కించాడు. ఈ ఏడాది అదే 84 కిలోలతో వెళ్లారు, గాలిగోపురం దాకా రెండుసార్లే ఆగారు, మోకాళ్ల పర్వతం సొంతంగా ఎక్కి పైనుంచి వీడియో కాల్ చేశారు. ఆయన నడుము కూడా 6 సెంటీమీటర్లు తగ్గిందనుకోండి.

ఇప్పుడు నా మాటకి నేనే అడ్డం వేస్తా, ఎందుకంటే "బరువు లెక్క కాదు" అన్నదాన్ని పట్టుకుని సుఖపడేవాళ్లని కూడా చూశా. మగపిల్లలు ఎక్కువ. 6 కిలోలు పెరిగి "కండ సార్" అంటారు, టేపు పెడితే నడుము 5 సెంటీమీటర్లు పెరిగి ఉంటుంది, కండ నడుము చుట్టూ అలా పెరగదు నాయనా. బరువూ కదలక, నడుమూ కదలక, ఎత్తే వెయిట్లూ కదలక రెండు మూడు నెలలు గడిస్తే అక్కడ ఏమీ జరగట్లేదు అంతే, తిండి మార్చాలి లేదా ట్రైనర్‌ని మార్చాలి. అలాగే 110, 120 కిలోలున్నవాళ్లకి తూకం తగ్గడమే ముఖ్యం, మోకాళ్లు ముందు ఆ బరువునే మోయాలి కదా. ఇంకోటి, ఏ ప్రయత్నమూ లేకుండా నెలా రెండు నెలల్లో 4, 5 కిలోలు తగ్గిపోతే సంతోషించకండి, డాక్టర్ దగ్గరికి వెళ్లండి, షుగర్, థైరాయిడ్, టీబీ ఇలా చాలా ఉంటాయి. గుండె, కిడ్నీ జబ్బులున్నవాళ్లకి డాక్టర్ రోజూ తూకం చూసుకోమంటే చూసుకోవాల్సిందే, వాళ్లకి రెండు రోజుల్లో రెండు కిలోలు పెరగడం అంటే ఒంట్లో నీరు చేరిందేమో అని అనుమానించాలి. కాబట్టి మెషీన్‌ని బావిలో పారేయమని చెప్పట్లేదు, వారానికి మూడు పొద్దున్లు చూసి సగటు రాసుకోండి చాలు.

తిండి గురించి ఒక్క ముక్క. రాత్రి అన్నం తగ్గించానన్నారు, దాని బదులు ఏం పెట్టారో చెప్పలేదు. మన హైదరాబాద్ ఎన్ఐఎన్ (జాతీయ పోషకాహార సంస్థ) వాళ్లు మామూలు మనిషికి కిలో బరువుకి 0.83 గ్రాముల ప్రొటీన్ చెప్తారు, మీకు 56 గ్రాములు అవుతుంది. వెయిట్స్ ఎత్తేవాళ్లకి నేను 80 దాకా చూస్తాను, కిడ్నీ సమస్య ఉంటే మాత్రం డాక్టర్‌ని అడిగాకే. ఒక గుడ్డు 6 గ్రాములు, దాన్నిబట్టి మీ రోజు లెక్కేసుకోండి, చాలామంది ఆడవాళ్లు 40 దగ్గరే ఆగిపోతారు, ఎందుకంటే ఇంట్లో అందరికీ వడ్డించాక మిగిలింది సాంబారు నీళ్లూ అన్నమే.

ఆఖర్న అడిగారు కదా, 2500 పెట్టి ఫోన్‌కి కలిసే స్మార్ట్ మెషీన్ కొననా అని. వద్దండి. మీ టైలర్ దగ్గరే ఒక టేపు తీసుకోండి, అది సాగిపోయిన పాతది కాకుండా చూసుకోండి, సాగిన టేపు రెండు సెంటీమీటర్లు తక్కువ చూపిస్తుంది. 6 వారాల తర్వాత నడుము ఎంతుందో, స్క్వాట్ ఎంత ఎత్తుతున్నారో ఇక్కడే కింద రాయండి, 85 దగ్గరే ఆగిపోతే అప్పుడు మీ రోజు మొత్తం తిండి రాసి పెట్టండి, కూర్చుని చూద్దాం.